మూడు వైపుల పాట

గ్రామఫోను రికార్డుకు రెండు వైపులుంటాయి. రెండు రికార్డులు కలిపి ఒకే అట్టలో పెడితే నాలుగు వైపులు. చిన్నపిల్లలు సైతం చెప్పగల ఈ లెక్కను తప్పించిన రికార్డుల జత ఒకటి నా అలమారలో ఉన్నది. జానీ వింటర్ అనే టెక్సస్ గాయకుడు కొలంబియా సంస్థకు చేసిన రెండవ ఆల్బమ్ అది. పేరు 'సెకండ్ వింటర్', వెలువడినది 1969లో. మొదటి రికార్డుకు రెండు వైపులా పాటలున్నాయి. రెండవ రికార్డుకు ఒక వైపునే పాటలున్నాయి. నాలుగవ వైపు అద్దంలా నున్నగా, గీత లేకుండా ఉంటుంది. అచ్చుపొరపాటు కాదు. తెలిసి చేసిన పని.

ఎందుకు చేశారన్నది తెలుసుకోవాలంటే రికార్డు పనితీరు కొంత చెప్పుకోవాలి. నాకు ఇష్టమైన విషయం గనుక చదువరులు ఓపిక పట్టగలరు. రికార్డు మీద కనిపించే వందలాది వలయాలు నిజానికి వలయాలు కావు. అంచు దగ్గర మొదలై నడుమ వరకు చుట్టుకుంటూ వచ్చే ఒకే ఒక గాడి అది. నిమిషానికి ముప్పైమూడుంబావు చుట్లకు రవంత ఎక్కువ, అనగా ఒక చుట్టుకు 1.8 సెకన్లు. పదిహేను నిమిషాల పాటకు సరిగ్గా 500 చుట్లు పడతాయి. ధ్వని గట్టిదైతే, ముఖ్యంగా మంద్రస్థాయి బలంగా ఉంటే, ఆ గాడి అటూ ఇటూ ఎక్కువగా ఊగుతుంది. ఊగే గాడికి చోటు ఎక్కువ కావాలి. అంచుకు దగ్గరలో ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల వేగంతో సాగుతుంది. నడిమి చీటీ దగ్గరికి వచ్చేసరికి ఆ వేగం 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అదే ధ్వనిని సగం కన్నా తక్కువ పొడవులో ఇరికించి రాయవలసి వస్తుంది. చివరి పాటలు కొంత మసకగా, గరగరగా వినబడడానికి కారణం ఇదే.

వింటర్ బృందం చేసిన పాటలన్నీ కలిపితే నలభై ఆరు నిమిషాల చిల్లర. రెండు వైపులకు సర్దితే ఒక్కొక్కటి ఇరవై మూడు నిమిషాలు. సర్దవచ్చు, ఎందరో సర్దారు కూడా. అయితే ధ్వని తగ్గించి చెక్కవలసి ఉంటుంది. వీరికది ఇష్టం లేకపోయింది. అలాగని నాలుగవ వైపును నింపడానికి ఏదో ఒకటి వాయించి పెట్టడమూ ఇష్టం లేకపోయింది. నాష్‌విల్ నగరంలో తాము చేసినది ఇంతే, ఎక్కువా తక్కువా లేదు అన్న భావంతో అట్ట మీదనే విన్నవించుకున్నారు.

ఈ రికార్డు నాకు వచ్చినది మా మేనమామ వలన. ఆయన బెంగళూరులో గడియారాల కార్ఖానాలో పనిచేసేవారు. మా హోసూరు వైపు కుటుంబాలలో ఇది మామూలే. ఇల్లు తమిళనాడులో, పని కర్ణాటకలో, మాట తెలుగులో. ఆదివారాలలో ఊరికి వచ్చేటప్పుడు సంచిలో ఒకటో రెండో పాత రికార్డులుండేవి. ఘంటసాల భగవద్గీత, సౌందరరాజన్ పాడిన భక్తిపాటలు, రాజ్‌కుమార్ కన్నడ చిత్రగీతాలు, వాటి నడుమ బెంగళూరు కుర్రకారు అమ్ముకున్న విదేశీ రికార్డులు. ఆయనకు ఆంగ్లం అంతగా రాదు. గిటారు నచ్చితే కొనేవారు. "మాట తెలియకపోతే ఏమిరా అబ్బాయా, ఏడుస్తా ఉండాడా నవ్వతా ఉండాడా తెలుస్తాది గదా" అనేవారు. ఆయన పోయిన తరువాత రికార్డులు మా ఇంటికి చేరాయి. యంత్రం పాడైపోయి, ముల్లు దొరకక, ఇరవై ఏండ్లకు పైగా అవి ఇనుప బీరువా పైన నిలువుగా నిలబడి ఉండిపోయాయి. ఈ మధ్య కొత్త యంత్రం కొని ఒక్కొక్కటే వింటున్నాను. పాత తెలుగు పాటలన్నీ నోటికి వచ్చినవే. పూర్తిగా మరచిపోయినది ఈ మూడు వైపుల రికార్డే.

మరచిపోయినది నేనొక్కడినే కాదు. జానీ వింటర్ పేరు తెలిసినవారు సైతం 1971లో వచ్చిన ఆయన ప్రత్యక్ష కచేరీ రికార్డునో, ఆ తరువాత మడ్డీ వాటర్స్‌తో చేసిన పనినో తలచుకుంటారు. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ ఉత్సవంలో ఆయన పాడారు. మరుసటి ఏడాది వచ్చిన ఆ ఉత్సవపు చలనచిత్రంలో మాత్రం ఆయన కనిపించరు. ఆ చిత్రంలో ఉన్నవారు జగమెరిగినవారయ్యారు. లేనివారు పాటలు తెలిసినవారికే మిగిలారు.

వింటర్ 1944లో టెక్సస్ రాష్ట్రంలోని బోమాంట్ అనే పట్టణంలో పుట్టారు. లూసియానా సరిహద్దుకు దగ్గరలో ఉన్న చమురుబావుల ఊరు అది. సరిహద్దు ఊళ్ళ సంగతి మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. రెండు వైపుల పాటలూ ఒకే గాలిలో వినవస్తాయి. ఆయనా, ఆయన తమ్ముడు ఎడ్గరూ పుట్టుకతోనే వర్ణహీనులు. తెల్లని జుట్టు, తెల్లని కనుబొమలు, చూపు బాగా తక్కువ. నల్లబల్ల మీది అక్షరం అందని పిల్లవానికి చెవి ఎంత పెద్ద బడి అవుతుందో ఉపాధ్యాయులకు తెలుసు. ఆ ఊరి ఆకాశవాణి కేంద్రమొకదానిలో క్లారెన్స్ గార్లో అనే నల్లజాతి సంగీతకారుడు పాటలు వినిపించేవాడు. వింటర్ ఆయనను వెతుక్కుంటూ పోయి పాఠాలు చెప్పించుకున్నాడు. నల్లవారికీ తెల్లవారికీ బళ్ళూ భోజనశాలలూ వేరువేరుగా ఉన్న కాలంలో, ఒక తెల్లపిల్లవాడు నల్లవారి పాటను గాలిలో వచ్చే ధ్వని ద్వారా, రికార్డు గాడి ద్వారా నేర్చుకున్నాడు.

ఆ ఊరి గురించి ఇంకొక మాట. బ్లైండ్ విల్లీ జాన్సన్ అనే అంధ గాయకుడు, గిటారు తీగల మీద జారుడు వాద్యంతో భక్తిగీతాలు పాడిన మహానుభావుడు, 1945లో మరణించినది ఈ బోమాంట్‌లోనే. వింటర్‌కు అప్పటికి ఏడాది నిండి ఉంటుంది. జాన్సన్ 1927లో పాడిన పాట ఒకటి 1977లో వాయేజర్ వ్యోమనౌకలతో పంపిన బంగారు పూత రికార్డులో ఉన్నది. అదే రికార్డులో చక్ బెర్రీ పాడిన 'జానీ బి. గుడ్' ఉన్నది. దానినే వింటర్ మన రికార్డు రెండవ వైపున తనదైన వేగంతో పాడారు. కేసర్‌బాయి కేర్కర్ గానం కూడా ఉన్నది. యాభై ఐదు భాషల పలకరింపులలో తెలుగు పలకరింపు ఒకటి, కన్నడం ఒకటి, ఒడియా ఒకటి, మరాఠీ ఒకటి. సౌరమండలపు అంచులు దాటిపోతున్న ఆ రాగి రికార్డు మీద బోమాంట్‌లో కన్ను మూసిన గుడ్డివాని గొంతూ, మన 'నమస్తే'యూ ఇరుగుపొరుగుగా ప్రయాణం చేస్తున్నాయి. ఈ సంగతి మా ఏడవ తరగతికి చెప్పినప్పుడు ఒక పిల్లవాడు, "మన తెలుగేనా సార్, వాళ్ళ తెలుగా?" అని అడిగాడు. 'వాళ్ళ తెలుగు' అంటే ఆ పిల్లవాని దృష్టిలో పుస్తకాల తెలుగు, దూరదర్శిని తెలుగు, బెజవాడ తెలుగు. ఆ ప్రశ్న దగ్గరకు మళ్ళీ వస్తాను.

ముందు రికార్డు వినాలి. మొదటి వైపు మొదటి పాట 'మెమరీ పెయిన్'. రచన పెర్సీ మేఫీల్డ్‌ది. రే చార్ల్స్ పాడగా లోకమంతా తెలిసిన 'హిట్ ది రోడ్ జాక్' రాసినవాడు ఆయనే. మేఫీల్డ్ స్వయంగా పాడితే మెత్తగా, మనసులో మాటలా ఉంటుంది. వింటర్ దానిని బండరాళ్ళ మీద నడిపించారు. టామీ షానన్ మంద్ర గిటారు, అంకుల్ జాన్ టర్నర్ డోళ్ళు వెనుక నిలబడి ఉంటే, గిటారు పాటకు బదులు చెబుతూ ఉంటుంది. ఈ షానన్ పదేళ్ళు దాటిన తరువాత స్టీవీ రే వాన్ బృందంలో చేరి మరింత పేరు తెచ్చుకున్నాడు. ఒక మాట, దానికి గిటారు బదులు. మళ్ళీ ఒక మాట, మళ్ళీ బదులు. హరికథలో కథకునికీ వంతపాటకూ మధ్య నడిచే వ్యవహారం ఎరిగినవారికి ఇది కొత్తగా తోచదు.

బ్లూస్ పాట కట్టుబడి నాకెప్పుడూ తరగతిగదిని గుర్తుకు తెస్తుంది. పన్నెండు తాళభాగాలలో మూడు పంక్తులు. మొదటి పంక్తి ఒక సంగతి చెబుతుంది. రెండవ పంక్తి అదే మాటను మళ్ళీ చెబుతుంది. మూడవ పంక్తి దానికి ముగింపు పలుకుతుంది. మాట మారని రెండవ పంక్తి కింద స్వరసమూహం మారిపోతుంది, నాలుగవ స్వరం మీదికి ఎక్కుతుంది. కనుక అదే మాట రెండవసారి వినబడేసరికి వేరే అర్థంతో వినబడుతుంది. వల్లెవేయడాన్ని ఈసడించే శిక్షణ తరగతులకు నన్ను ఎన్నోసార్లు పంపారు. అక్కడ కూర్చున్నప్పుడల్లా ఈ రెండవ పంక్తి నాకు గుర్తుకు వచ్చేది. పునరుక్తి దోషం కాదు. కింద ఏమీ మార్చకుండా పునరుక్తి చేయించడమే దోషం.

రెండవ వైపున లిటిల్ రిచర్డ్ పాడిన పాటలు రెండు వరుసగా వస్తాయి. నిర్మొహమాటంగా చెప్పాలంటే అవి నాకు తృప్తినివ్వలేదు. ఎడ్గర్ సాక్సఫోను చక్కగా పలికినా, వింటర్ గొంతు అక్కడ లిటిల్ రిచర్డ్ గొంతును తొడుక్కుని తిరుగుతున్నట్లు ఉంటుంది. తొడుగు వదులు. ఇంతలోనే అదే వైపు చివరన 'హైవే 61 రివిజిటెడ్' వస్తుంది. 1965లో బాబ్ డిలాన్ రాసి పాడినది. అరవైఒకటవ నంబరు రహదారి మిసిసిపీ నదిని అంటిపెట్టుకుని దక్షిణం నుండి మినెసోటా దాకా పోతుంది. డిలాన్ ఆ ఉత్తరపు కొసలో పుట్టినవాడు. దక్షిణాన బ్లూస్ గాయకులు నడిచినదీ ఆ దారినే. ఉత్తరాదివాడు రాసిన పాటను వింటర్ తిరిగి దక్షిణానికి తీసుకుపోయారు. తీగల మీద లోహపు గొట్టాన్ని జార్చి వాయించే పద్ధతిలో ఆ పాటను పూర్తిగా తనది చేసుకున్నారు. ఇది విన్న తరువాత మూలాన్ని వింటే, మూలమే అనువాదమేమో అనిపిస్తుంది.

ఈ జారుడు వాద్యం మన దక్షిణాది చెవికి పరాయిది కాదు. మెట్లు లేని గోటువాద్యం మీద దిమ్మను జార్చి వాయించే సంప్రదాయం మనకున్నది. బ్లూస్ గాయకులు అత్యంత ప్రీతితో పట్టుకునే స్వరమొకటుంది. అది మన లెక్కలో సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో నిలుస్తుంది. నిలుస్తుందనడం కూడా సరికాదు, ఊగుతుంది. పియానో మీద ఆ చోటుకు మెట్టు లేదు. అందుకే పియానో వాయించే బ్లూస్ కళాకారులు పక్కపక్క మెట్లు రెంటినీ ఒకేసారి నొక్కి ఆ నడిమి చోటును సూచిస్తారు. ఉన్నదానికి మెట్టు లేకపోతే ఆ స్వరం లేదనరు. మెట్టు చాలదంటారు.

ఇక పిల్లవాని ప్రశ్న. 'మన తెలుగేనా, వాళ్ళ తెలుగా?'

మొరసునాడు అనే పేరు చాలామంది తెలుగువారికి తెలియదు. హోసూరు, కృష్ణగిరి, కోలారు, కుప్పం చుట్టుపట్ల మూడు రాష్ట్రాలకు పంచబడిన నేల ఇది. ఇక్కడి తెలుగు వలస వచ్చిన తెలుగు కాదు. ఎప్పటినుండో ఇక్కడే ఉన్నది. మా పిల్లలు 'ఉంది' అనరు, 'ఉండాది' అంటారు. 'వస్తున్నాడు' అనరు, 'వస్తా ఉండాడు' అంటారు. 'ఎక్కడ' అనరు, 'యాడ' అంటారు. ఒకసారి పరీక్షాపత్రాలు చూడడానికి వచ్చిన ఒక పెద్దమనిషి, అమ్మమ్మ గురించి వ్యాసం రాసిన ఒక బాలిక కాగితం చేతిలోకి తీసుకున్నారు. 'మా అవ్వ పాట పాడతా ఉండాది' అన్న వాక్యం కింద ఎర్రగీత గీసి, "మాస్టారూ, ఇది తెలుగు కాదు, దీనికి మార్కులు వేయరాదు" అని తేల్చారు. ఆయన వయసులో పెద్దవారు, పదవిలోనూ పెద్దవారు. "అయ్యా, 'ఉండు' అనే ధాతువు మీ 'ఉంది'లో కన్నా ఈ పిల్ల 'ఉండాది'లోనే చెక్కుచెదరకుండా కనిపిస్తున్నది గదా" అని మనవి చేశాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. గీత మాత్రం కాగితం మీద నిలిచిపోయింది. ఆ పిల్ల తరువాతి వ్యాసంలో అవ్వ చేత పుస్తకభాష మాట్లాడించింది. అవ్వ పోయి ఎవరో పంతులమ్మ వచ్చి కూర్చున్నది ఆ కాగితంలో.

ఈ రికార్డు మళ్ళీ వింటున్నప్పుడు నాకు తట్టిన విషయం ఇక్కడిదే. బ్లూస్ పాటల భాష బడిలో తప్పనిపించుకునే ఆంగ్లం. అమెరికా నల్లవారి ఆంగ్లంలో 'ఆయన మా మామ' అన్న భావానికి వాక్యం కట్టేటప్పుడు ఆంగ్లవ్యాకరణం కోరే 'ఇజ్' అనే క్రియను వదిలివేయవచ్చు. బడిపంతుళ్ళు దానిని సోమరితనమన్నారు, అజ్ఞానమన్నారు. విలియం లబోవ్ అనే భాషాశాస్త్రవేత్త ఈ క్రియాలోపానికి ఖచ్చితమైన నియమాలున్నాయని నిరూపిస్తూ 'లాంగ్వేజ్' పత్రికలో వ్యాసం ప్రచురించారు. గ్రంథస్థ ఆంగ్లంలో ఆ క్రియను ఎక్కడ కుదించవచ్చునో అక్కడే నల్లవారి ఆంగ్లంలో దానిని లోపింపజేయవచ్చు, ఎక్కడ కుదించరాదో అక్కడ లోపింపజేయనూరాదు అని ఆయన చూపారు. ఆ వ్యాసం వచ్చిన సంవత్సరం 1969. మన రికార్డు వచ్చిన సంవత్సరమే.

తెలుగు ఉపాధ్యాయునికి ఇందులో నవ్వు తెప్పించే సంగతి ఒకటున్నది. 'ఆయన మా మామ' అన్న తెలుగు వాక్యంలో క్రియ ఎక్కడున్నది? లేదు. అది తప్పని మనలో ఎవరూ అనరు. క్రియారహిత వాక్యమని వ్యాకరణంలో గౌరవంగా పేరు పెట్టి పాఠం చెబుతాము. ఒక భాషలో పాఠమైనది ఇంకొక భాషలో ఎర్రగీత ఎలా అయింది? భాషలో ఉన్న తేడా వలన కాదు. ఎర్రసిరా ఎవరి చేతిలో ఉన్నదన్న తేడా వలన.

అక్కడ ఈ వివాదం న్యాయస్థానం దాకా వెళ్ళింది. మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్ అనే ఊరిలో నల్లపిల్లల తల్లులు బడుల అధికారుల మీద వ్యాజ్యం వేశారు. తమ పిల్లల ఇంటిభాషను బడి లెక్కలోకి తీసుకోకపోవడం వల్లనే వారు చదువులో వెనుకబడుతున్నారన్నది వారి వాదం. 1979లో తీర్పు వారికి అనుకూలంగా వచ్చింది. ఇంటిభాషను గుర్తించి, దానిని ఆధారం చేసుకుని గ్రంథస్థ ఆంగ్లంలో చదవడం నేర్పే విధం ఉపాధ్యాయులకు తెలియజేయాలని న్యాయమూర్తి ఆదేశించారు. 1996లో కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్ బడుల మండలి ఇదే దారిన ఒక తీర్మానం చేసినప్పుడు దేశమంతటా ఎగతాళి చేశారు. పిల్లలకు తప్పుడు ఆంగ్లం నేర్పుతారట అని. మండలివారు కోరినది అది కాదు. తెలిసినదాని మీద నిలబెట్టి తెలియనిదానిని అందించాలన్నారు. మంచి ఉపాధ్యాయులందరూ ఎవరూ చూడనప్పుడు చేసే పనే అది.

మా సంగతి మరికొంత చిక్కు. 2006లో తమిళనాడు ప్రభుత్వం చేసిన చట్టం ప్రకారం తమిళం ఒకటవ తరగతి నుండి ఏటేటా ఒక్కొక్క తరగతికి తప్పనిసరి అవుతూ 2015-16 నాటికి పదవ తరగతికి చేరింది. తమిళం నేర్చుకోవడానికి మాకు అభ్యంతరమెన్నడూ లేదు. మా పిల్లలకు తమిళం వచ్చు, కన్నడమూ వచ్చు. అభ్యంతరమల్లా తెలుగు కూర్చునే బల్ల కురచ కావడం గురించి. కురచ బల్ల మీద కూర్చున్న ఆ కొద్దిపాటి తెలుగులోనూ, ఇంటి తెలుగు వేరు, పుస్తకం తెలుగు వేరు అని పిల్లవానికి చెప్పి, ఇంటిది తప్పు అని తేల్చేస్తే, వాడు రెండింటినీ వదిలిపెట్టి లేచిపోతాడు. నా కళ్ళముందే లేచిపోయినవారున్నారు. వారిలో కొందరు ఇప్పుడు ఇంట్లో పిల్లలతో తమిళమే మాట్లాడుతున్నారు. వారిని నేను తప్పుపట్టను.

అందుకే స. వెం. రమేశ్ రాసిన 'ప్రళయకావేరి కథలు' మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పులికాటు సరస్సు చుట్టుపట్ల తెలుగును ఉన్నదున్నట్లు అచ్చులో నిలిపిన పుస్తకమది. తరగతిలో ఒక కథ చదివి వినిపించినప్పుడు, "సార్, ఇది పుస్తకంలోనే ఉండాదా?" అని పిల్లలు లేచి వచ్చి చూశారు.

వింటర్ విషయంలో ఇంకొక ప్రశ్న వేయవచ్చు, వేసినవారున్నారు కూడా. నల్లవారి మాటను తెల్లవాడు పాడి సొమ్ము చేసుకోవడం న్యాయమా? కొలంబియా సంస్థ వింటర్‌కు ఇచ్చిన పెద్ద మొత్తం గురించి ఆ రోజులలో విరివిగా చెప్పుకున్నారు. ఆయనకు నేర్పినవారిలో అనేకులకు అందులో వందవ వంతైనా ముట్టలేదన్నది నిజం. ఈ అన్యాయాన్ని కప్పిపుచ్చనక్కరలేదు. అయితే వింటర్ తరువాత చేసిన పని కూడా లెక్కలోకి రావాలి. ఆదరణ తగ్గిన మడ్డీ వాటర్స్‌కు 1977లో 'హార్డ్ అగైన్' అనే రికార్డు నిర్మించారు. ఆ పైన మరి మూడు. 'హార్డ్ అగైన్'కు గ్రామీ పురస్కారం వచ్చింది. ఆ రికార్డులో వింటర్ గిటారు వెనుక వరుసలో ఉంటుంది. వృద్ధుడైన గురువు గొంతు ముందు వరుసలో సింహంలా ఉంటుంది. నేర్చుకున్నవాడు నేర్పినవానికి ముందు కుర్చీ వేసి తాను వెనుకకు జరగడం అన్ని అప్పులూ తీర్చదు. కొంత తీరుస్తుంది.

రికార్డును ఒకనాడు బడికి తీసుకుపోయాను. వాయించడానికి కాదు, అంత సదుపాయం మాకు లేదు. చూపించడానికి. పిల్లలు సినిమాలలో తప్ప రికార్డు చూసినవారు కారు. ఇందులో ఎన్ని గీతలున్నాయో చెప్పండి అంటే వేయి అన్నవారూ, రెండువేలన్నవారూ ఉన్నారు. ఒక్కటే అని చెప్పి, అగ్గిపుల్ల మొనను గాలిలో ఆ గాడి వెంట తిప్పి చూపిస్తే గాని నమ్మలేదు. పదిహేను నిమిషాలకు 500 చుట్లన్న లెక్క తామే చేసుకున్నారు. తరువాత నాలుగవ వైపు తిప్పాను. వేలు తడిమి చూసి, "ఈ పక్క ఎందుకు ఏమీ లేదు సార్?" అన్నారు. వాళ్ళకు తోచిన కారణాలు వాళ్ళనే చెప్పమన్నాను. డబ్బులు అయిపోయి ఉంటాయి అన్నాడొకడు. పాడేవానికి జ్వరం వచ్చి ఉంటుంది అన్నాడొకడు. మునుపు ఎర్రగీత తిన్న ఆ బాలిక మాత్రం, "బాగా లేనివి తీసేసి ఉంటారు సార్" అన్నది.

ఆ పిల్ల మాట దగ్గర కాసేపు ఆగవలసి వచ్చింది, ఎందుకంటే అది దాదాపు నిజం. 2004లో ఈ ఆల్బమ్‌ను సి.డి. రూపంలో తిరిగి విడుదల చేసినప్పుడు అప్పటి పాటలు రెండు అదనంగా బయటికి వచ్చాయి. అనగా అట్ట మీద చెప్పుకున్నట్లు చేసినది ఇంతే అనడం అక్షరాలా సరికాదు. ఇవ్వదగినది ఇంతే అనుకున్నారని చెప్పాలి. ఆ రెండు పాటలూ వాద్యసామర్థ్యం చూపే పాటలే. ఉన్నవాటి పక్కన పెడితే మాత్రం లేకున్నా లోటు లేనివి. అదే ప్రతిలో రెండవ సి.డి.గా 1970లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో చేసిన కచేరీ ఉన్నది. అన్నదమ్ములిద్దరి వాద్యమూ అందులో మరింత స్వేచ్ఛగా సాగుతుంది.

మూడవ వైపు గురించి చెప్పనేలేదు. ఈ ఆల్బమ్ ప్రాణం అక్కడే ఉన్నదని నా అభిప్రాయం. అందరినీ ప్రేమిస్తున్నానని మొదటి పాట, అందరినీ ద్వేషిస్తున్నానని మూడవ పాట. నడుమ టెక్సస్ మీద విసురుగా ఒక పాట. ఈ హాస్యం వింటర్‌కు సహజం. ప్రేమ పాటలో జారుడు గిటారు, ద్వేష పాటలో తమ్ముని సాక్సఫోనుతో పాతకాలపు ఊపు. ద్వేష పాటే ఎక్కువ ఉల్లాసంగా ఉండడం విశేషం. చివరన ఏడు నిమిషాల 'ఫాస్ట్ లైఫ్ రైడర్'. టర్నర్ డోళ్ళు కవాతు నడకలో కదులుతుంటే గిటారు ఒక్కటే దాని మీద విహరిస్తుంది. గాడి నడిమి చీటీకి దగ్గరవుతున్నా ధ్వని ఎక్కడా నలగదు. పదిహేను నిమిషాల వద్ద ఆపినందువల్ల చెక్కినవారికి చోటు మిగిలి ఉన్నది మరి.

వింటర్ 2014 జూలైలో యూరప్ కచేరీల మధ్య స్విట్జర్లాండ్‌లో మరణించారు. వయసు డెబ్బై. చివరిదాకా వేదిక దిగలేదు, కుర్చీలో కూర్చుని వాయించేవారు.

వినగోరేవారు పాత రికార్డు కోసం వెతకనక్కరలేదు, 2004 నాటి ప్రతి చాలు. అందులో అన్ని పాటలూ ఒకే వరుసలో వస్తాయి కనుక వైపులు తిప్పే పని లేదు. మొదటిసారి ఎనిమిదవ పాట నుండి ఆరంభించండి, మూడవ వైపు మొదలయ్యేది అక్కడే. లిటిల్ రిచర్డ్ పాటలు రెండూ దాటవేసినా నేనేమీ అనుకోను.